పార్కుకు జమ పద్దు: కాలనీ పార్కు ఆర్థిక విలువను లెక్కగట్టే పద్ధతి

పురపాలక సంఘాల లెక్కల్లో పార్కుకు ఒక ఖర్చు పద్దు తప్పకుండా ఉంటుంది. తోటమాలి జీతం, కాపలాదారు జీతం, బోరు మోటారు కరెంటు బిల్లు, తెగిపోయిన ఉయ్యాల గొలుసుకు చేయించిన వెల్డింగు అన్నీ అందులో నమోదవుతాయి. జమ పద్దు మాత్రం కనిపించదు, ఎందుకంటే కాలనీ పార్కులోకి వచ్చేవారెవరూ టికెట్టు కొనరు, వెళ్లేటప్పుడు రసీదు తీసుకోరు. అందువల్లనే నిధులు తగ్గిన ఏడాది మొదటి కోత పార్కుకు పడుతుంది, వాటర్ ట్యాంకుకో కమ్యూనిటీ హాలుకో స్థలం కావలసివచ్చినప్పుడు అందరి చూపూ ముందుగా పార్కు మీదికే పోతుంది. ఆ జమ పద్దును కాలనీవాసులే స్వయంగా ఎలా రాసుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. దీనికి ఆర్థికశాస్త్రం చదివి ఉండనక్కరలేదు. ఒక పొడవాటి నోటు పుస్తకం, ఓపిక ఉన్న ఆరుగురు మనుషులు, రెండు మూడు వారాల సమయం ఉంటే చాలు.

మా కాలనీలో ఈ లెక్క రెండుసార్లు వేశాం. మొదటిసారి వచ్చిన అంకె చాలా పెద్దది. వార్డు కార్యాలయంలో ఒక ఇంజనీరు దాన్ని రెండే ప్రశ్నలతో పక్కన పెట్టేశారు, ఆయన అడిగిన రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెండోసారి వచ్చిన అంకె అందులో సగం కూడా లేదు గాని, దాన్ని ఎవరూ కాదనలేకపోయారు. కాబట్టి మొదటి నుంచి చివరి వరకు పాటించవలసిన నియమం ఒక్కటే: సందేహం వచ్చిన ప్రతిచోటా తక్కువ అంకెనే తీసుకోవాలి.

లెక్క చేసే తీరు చూపడానికి ఒక ఎకరం పార్కును ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఎకరమంటే 4,840 చదరపు గజాలు, అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఈ ఉదాహరణలోని మనుషుల సంఖ్య, అద్దెలు, ఖర్చులు ఊహించి వేసుకున్నవే కనుక వాటి స్థానంలో మీ పార్కు అంకెలు వేసుకోవాలి.

ముందుగా స్థలం ఎవరిదో తేల్చుకోవడం

లెక్క మొదలుపెట్టక ముందే కాగితాలు చేతిలో ఉండాలి. అనుమతి పొందిన లేఅవుట్లలో కొంత భాగాన్ని ఖాళీ స్థలంగా వదిలి, దానిని గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలన్నది నిబంధన. ఆమోదిత లేఅవుట్ ప్లాను నకలు, గిఫ్ట్ డీడ్ నకలు, గత మూడేళ్లలో పార్కుపై పెట్టిన ఖర్చు వివరాలు ఇవ్వాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఖర్చు అంకె మీరు ఊహించి రాసినదైతే లెక్క అంతటికీ విలువ పోతుంది. వారి కాగితం నుంచే తీసుకున్నదైతే, వాదన అక్కడితో సగం ముగిసినట్టే.

ఈ కాగితాల వల్ల మరో పెద్ద ప్రయోజనం కూడా ఉంది. పార్కు విలువ అనగానే ఎవరో ఒకరు "ఈ ఎకరం అమ్మితే ఎన్ని కోట్లు వస్తాయో తెలుసా?" అని తప్పకుండా అడుగుతారు. లేఅవుట్ వేసినవారు పార్కు కోసం వదిలిన స్థలం ఖరీదును తమ జేబులోంచి పెట్టుకోరు, మిగిలిన ప్లాట్ల గజం ధరలోనే కలిపి అమ్ముతారు. అంటే ఆ కాలనీలో ప్లాటు కొన్న ప్రతి కుటుంబమూ పార్కు స్థలానికి తన వంతు సొమ్మును ఎప్పుడో చెల్లించింది. ఇక చట్టం విషయానికి వస్తే, బెంగళూరులో పార్కుగా నిర్దేశించిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రి ట్రస్టుకు కేటాయించిన వ్యవహారంలో ఆ కేటాయింపు చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు చెప్పింది. కనుక అమ్మకం ధర అనే అంకె మన లెక్కలోకి రానే రాదు.

గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టడం

మొత్తం పనిలో అతి ముఖ్యమైనది ఇదే. ఎంతమంది వస్తున్నారో తెలియకుండా వేసే ఏ లెక్కా నిలవదు.

ఒక బుధవారం, ఒక శనివారం, ఒక ఆదివారం ఎంచుకోవాలి. ఉదయం 5 నుంచి 9 వరకు, సాయంత్రం 4 నుంచి 9 వరకు ప్రతి గేటు దగ్గరా ఒక మనిషి ఉండాలి. అరగంటకొక గడి చొప్పున గీసుకున్న కాగితం మీద పురుషులు, స్త్రీలు, పిల్లలు, అరవై దాటినవారు అని నాలుగు వరసలు పెట్టుకొని, లోపలికి వచ్చేవారికి మాత్రమే గీత పెట్టాలి. నాలుగు నిలువు గీతలు గీసి ఐదోది అడ్డంగా కొట్టే పాత పద్ధతే దీనికి అన్నిటికంటే మేలు. ఫోనులో లెక్కపెట్టే యాప్ వాడితే మధ్యలో ఫోన్ కాల్ వచ్చినప్పుడు లెక్క తప్పుతుంది.

మొదటిసారి మేము చేసిన తప్పు ఇక్కడే జరిగింది. నిలబడడానికి నీడ ఉంది కదా అని వాకింగ్ ట్రాక్ మలుపు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చున్నాం. ఒకే పెద్దమనిషి ఎనిమిది చుట్లు తిరిగితే మా కాగితంలో ఎనిమిది మందయ్యారు. ఇంజనీరు అడిగిన మొదటి ప్రశ్న, "మీ కాలనీ జనాభా కంటే మీ పార్కుకు వచ్చేవారే ఎక్కువగా ఉన్నారేమిటండీ?" అని. రెండోసారి గేటు బయట ఎండలో నిలబడ్డాం.

మూడు రోజుల లెక్కను ఏడాదికి పెంచేటప్పుడు కాలాన్ని గుర్తు పెట్టుకోవాలి. మే నెలలో ఉదయం జనం ఐదున్నరకే వచ్చి ఏడింటికల్లా వెళ్లిపోతారు, సాయంత్రం మాత్రం పిల్లలు తొమ్మిదింటి వరకు ఉయ్యాలలు వదలరు. ఆగస్టులో వాన పడిన రోజు పార్కు ఖాళీగా ఉంటుంది. డిసెంబరు చలికి నడిచేవారు ఆలస్యంగా వస్తారు. వీలైతే ఈ మూడు నెలల్లోనూ ఒక్కో వారం లెక్కపెట్టాలి. ఒక్కసారి మాత్రమే వీలైతే పరీక్షలు, పండుగలు, కార్తీక వనభోజనాలు లేని మామూలు వారాన్ని ఎంచుకోవాలి.

మన ఉదాహరణలో మామూలు రోజుల్లో 270 మంది, ఆదివారం 400 మంది వస్తున్నారనుకుందాం. వారానికి 2,020 రాకలు, 52 వారాలకు 1,05,040. వానలకు, ముసురు రోజులకు పదోవంతు తీసేస్తే సుమారు 94,500. పురపాలక సంఘం ఈ పార్కుకు ఏడాదికి 5 లక్షలు ఖర్చు పెడుతున్నదనుకుంటే ఒక్కో రాకకు అయ్యే ఖర్చు 5 రూపాయల 30 పైసలు. ఇతర అంకెలేవీ రాబట్టలేకపోయినా ఈ ఒక్కటి చేతిలో ఉంటే చాలు. ఐదు రూపాయలకు ఈ రోజుల్లో చిన్న కప్పు టీ కూడా రాదని వినేవారికి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఏమి అడగాలి, ఎలా అడగాలి

రాకల సంఖ్య తరువాత కావలసినది, ఆ రాక విలువ ఎంత అన్నది. "ఈ పార్కు మీకు ఎంత విలువైనది?" అని అడిగితే "దానికి వెల కట్టగలమా బాబూ" అనే జవాబు వస్తుంది. ఆ మాట నిజమే అయినా నోటు పుస్తకంలో రాసుకోవడానికి పనికిరాదు. అడగవలసినది, "నెల రోజులు ఈ పార్కు మూసేస్తే మీరు ఏం చేస్తారు?" అని. వచ్చే జవాబులు ఐదారు రకాలకు మించవు: రోడ్డు మీద నడుస్తాను, డాబా మీద తిరుగుతాను, జిమ్‌లో చేరతాను, బండి మీద వేరే పార్కుకు వెళతాను, మానేస్తాను.

మాకు అన్నిటికంటే ఎక్కువ తెలియజెప్పినది చివరి జవాబు. మానేస్తామని చెప్పినవారిలో ఎక్కువమంది స్త్రీలు, అరవై దాటినవారు. కాలనీ రోడ్లకు ఫుట్‌పాత్ లేదు, ఉన్నచోట దాని మీద కార్లు ఉన్నాయి, తెల్లవారుజామున కుక్కలు వెంటపడతాయి. జిమ్‌లో చేరతామన్న యువకుల జవాబును రూపాయల్లోకి మార్చడం తేలిక. ఈ మానేసేవారి నష్టాన్ని మార్చడం కష్టం, అయినా పార్కు అసలు విలువ ఎక్కువగా వీరి దగ్గరే ఉంది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు పార్కులో నడిచే మనిషికి ఆ లెక్క అక్కడే పూర్తవుతుంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన అధ్యయనం దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నదని 2023లో అంచనా వేసింది. అందుకని మధుమేహం మందుల ధరను పార్కుకు వచ్చేవారి సంఖ్యతో గుణించి కోట్లు చూపించాలనే ఆశ కలుగుతుంది, ఆ పని చేయవద్దు. "వారానికి 150 నిమిషాలు పూర్తి చేసేవారు ఇంతమంది, అందులో పార్కు లేకపోతే మానేసేవారు ఇంతమంది" అని మనుషుల సంఖ్యగానే రాసి వదిలేయాలి. ఆ వరసను రూపాయల వరసతో కలపకుండా ఉంచినందువల్లనే దానికి బలం వస్తుంది.

రూపాయల్లో రాయవలసిన విలువకు ఆధారంగా మీ ఊళ్లోనే టికెట్టు పెట్టిన పార్కు ప్రవేశ రుసుమును తీసుకోండి. జనం నిజంగా జేబులోంచి తీసి ఇస్తున్న సొమ్ము కనుక దాన్ని ఎవరూ ఆక్షేపించరు. మన ఉదాహరణలో దాన్ని 10 రూపాయలు అనుకుందాం.

హైదరాబాదులో 76 ఎకరాల ఇందిరా పార్కు, హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న సంజీవయ్య పార్కు, విశాఖలో కైలాసగిరి వంటి పెద్ద ఉద్యానాలకు దూరం నుంచి కూడా జనం వస్తారు కాబట్టి వాటి లెక్క వేరు. అక్కడ టికెట్టుతోపాటు రానుపోను ఆటో, బస్సు, పెట్రోలు ఖర్చు, ప్రయాణానికి పట్టిన సమయం కూడా కలిపి, ఎంత దూరం నుంచి ఎంతమంది వస్తున్నారన్నదానిని బట్టి విలువ కడతారు. హెరాల్డ్ హొటెల్లింగ్ అనే ఆర్థికవేత్త 1947లో అమెరికా జాతీయ పార్కుల శాఖకు రాసిన లేఖలో ఈ ఆలోచనను సూచించాడు. ఇంటి నుంచి చెప్పులేసుకొని నడిచి వచ్చే కాలనీ పార్కుకు ఇది అక్కరలేదు.

ఇళ్ల అద్దెలు, ఇళ్ల ధరలు

పార్కు పక్కనున్న ఇళ్లకు ధర ఎక్కువ పలుకుతుందన్నది పాత సంగతి. ఇంగ్లండులో 1847లో ప్రారంభమైన బర్కెన్‌హెడ్ పార్కు చుట్టూ ఉన్న స్థలాలను అమ్మిన సొమ్ముతోనే పార్కు ఖర్చును రాబట్టుకోవాలని చూశారు. దానిని చూసివచ్చిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ తరువాత న్యూయార్కు సెంట్రల్ పార్కు రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. 1856 నుంచి 1873 వరకు దాని చుట్టుపక్కల ఆస్తుల విలువ 20 కోట్ల డాలర్లకు పైగా పెరిగిందని లెక్కలు చూపాడు. ఆ లెక్కలో ఒక లోపం ఉంది. ఆ పదిహేడేళ్లలో న్యూయార్కు నగరమే విపరీతంగా పెరిగింది కాబట్టి పార్కు లేకపోయినా ధరలు కొంత పెరిగి ఉండేవి. మనం కూడా "పార్కు వచ్చినప్పుడు గజం ఇంత, ఇప్పుడు ఇంత" అని రాస్తే అదే తప్పు చేసినట్టు. పోల్చవలసినది అదే రోజున, అదే కాలనీలో, పార్కుకు ఎదురుగా ఉన్న ఇంటినీ, అదే వెడల్పు రోడ్డు మీద, అదే ముఖం ఉన్న, దాదాపు అదే వయసున్న దూరపు ఇంటినీ.

ధరలకు రిజిస్ట్రేషన్ దస్తావేజులను ఆధారంగా తీసుకోవాలని పుస్తకాలు చెబుతాయి. మన ప్రాంతంలో దస్తావేజులో రాసే ధరకూ చేతులు మారే సొమ్ముకూ మధ్య ఎంత తేడా ఉంటుందో ఇల్లు కొన్న ప్రతివారికీ తెలుసు. అందుచేత నేను అద్దెలనే నమ్ముతాను. టు-లెట్ బోర్డు కట్టిన ఇంటికి ఫోన్ చేసి అద్దె అడగడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు, అందరూ నిజమే చెబుతారు. పార్కు ఎదుట పది పోర్షన్లు, దూరంగా పది పోర్షన్లు అడిగి, ఎక్కువ తక్కువలు వదిలేసి మధ్యనున్న అంకెను తీసుకోండి.

ఉదాహరణలో పార్కు ముఖంగా 24 ఇళ్లు, ఇంటికి మూడు పోర్షన్ల చొప్పున 72 పోర్షన్లు, ఒక్కోదానికి నెలకు 800 రూపాయల అద్దె ఎక్కువ వస్తున్నదనుకుంటే ఏడాదికి 6,91,200 రూపాయలు. ఇంటి యజమానికి వచ్చే ఈ లాభంతో పురపాలక సంఘానికి పనేమిటని అడగవచ్చు. పని ఉంది. హైదరాబాదులో ఆస్తి పన్నుకు ఇంటి అద్దె విలువే ఆధారం. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి ఆస్తి మూలధన విలువ ఆధారంగా పన్ను వేస్తున్నారు. రిజిస్ట్రేషన్ జరిగినప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ 1.5 శాతం బదిలీ సుంకం వసూలు చేస్తారు, అది స్థానిక సంస్థలకు చెందవలసిన సొమ్ము. పార్కు వల్ల 6 లక్షలు అధికంగా పలికిన ప్లాటు ఒకటి అమ్ముడయితే ఆ సుంకం రూపంలో 9,000 రూపాయలు అదనంగా వస్తాయి. ఇది చిన్న అంకె, చిన్న అంకెగానే రాయండి. పార్కు తన ఖర్చును పన్నుల రూపంలోనే పూర్తిగా రాబడుతుందని ఎవరైనా చెబితే నేను నమ్మను.

ఈ శీర్షికలో మూడు జాగ్రత్తలు అవసరం. అద్దె తేడానూ ధర తేడానూ రెండింటినీ కలపకూడదు, ఎందుకంటే ఇంటి ధర అంటే రాబోయే అద్దెల మూటే. ఇంజనీరు అడిగిన రెండో ప్రశ్న ఇదే, మేము రెండూ కలిపి చూపించాం. రెండోది, పార్కు ముఖంగా ఉన్నవారు అద్దె రూపంలో ఇదివరకే పార్కుకు డబ్బు కడుతున్నారు కాబట్టి వారి రాకలను గేటు లెక్కలోంచి తీసేయాలి. అందుకే ప్రశ్నల కాగితంలో "మీది ఏ రోడ్డు?" అన్నది ఉండాలి. వారు ఐదోవంతు ఉన్నారనుకుంటే మన 94,500 రాకలు సుమారు 75,000 అవుతాయి, పది రూపాయల చొప్పున 7.5 లక్షలు. మూడోది, ఇతర దేశాల శాతాలను తెచ్చి అతికించకూడదు. అమెరికా అధ్యయనాలను సమీక్షించిన జాన్ క్రాంప్టన్ అనే ఆచార్యుడు, ప్రశాంతంగా ఉండే పార్కును ఆనుకొని ఉన్న ఇళ్లకు 20 శాతం దాకా ఎక్కువ విలువను తొలి అంచనాగా తీసుకోవచ్చని చెబుతూనే, ఆటల సందడి ఎక్కువగా ఉన్న పార్కులకు అది తగ్గుతుందని కూడా చెప్పాడు. మన దగ్గర కూడా పార్కులో మండపం వేసి రాత్రి పదకొండు వరకు మైకు పెట్టే కాలనీలో ఎదురింటివారు ఏమంటారో వారినే అడగండి. లైట్లు వెలగక, మూలన సీసాలు పేరుకుపోయిన పార్కు ఎదురింటి అద్దెను తగ్గిస్తుంది కూడా. తేడా రుణాత్మకంగా వస్తే దాచవద్దు. "లైట్లు వేయకపోవడం వల్ల ఇంత నష్టం" అని చూపడానికి అంతకంటే గట్టి ఆధారం దొరకదు.

వాన నీటి లెక్క

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. ఈ ఒక్క సూత్రం తెలిస్తే మిగిలినదంతా గుణకారమే. 10 సెంటీమీటర్ల వాన పడితే ఎకరం పార్కు మీద పడే నీరు సుమారు 4 లక్షల లీటర్లు. అదే స్థలం కాంక్రీటు అయితే అందులో 85 శాతం దాకా రోడ్డు మీదికి పారుతుంది, గడ్డి, మట్టి ఉన్న పార్కులో పారేది 20 శాతం అనుకోవచ్చు. తేడా సుమారు 2.6 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 52. పార్కు ఉన్నందువల్ల ఒక్క రాత్రిలో అన్ని ట్యాంకర్ల నీరు మీ వీధి చివర నాలాలోకి పోకుండా ఆగుతుందన్నమాట.

దీన్ని ట్యాంకరు ధరతో గుణించవద్దు. ఆగిన నీరంతా భూగర్భంలోకి చేరదు, కొంత ఆవిరవుతుంది, కొంత చెట్లు తాగుతాయి, పైగా పార్కు బోరు కూడా భూగర్భ జలాన్నే తోడుతుంది. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసినట్టు కురిస్తే నేల నిండిపోయి పార్కు నుంచి కూడా నీరు పారుతుంది. న్యాయంగా పోల్చాలంటే, అంత నీటిని ఆపడానికి భూగర్భ సంపు కట్టవలసివస్తే ఎంత ఖర్చవుతుందో చూడాలి. హైదరాబాదులో రోడ్ల మీద నీరు నిలిచే చోట్ల ఇటువంటి సంపులను కట్టారు కాబట్టి వాటి అంచనా వ్యయాన్ని సమాచార హక్కు కింద అడిగి లీటరు చొప్పున తీసుకోవచ్చు. అది దొరకకపోతే ట్యాంకర్ల సంఖ్య మాత్రమే రాయండి. పార్కులో దారులన్నిటికీ సిమెంటు టైల్స్ వేయించేశారంటే ఈ వరస చాలావరకు కొట్టేయవలసిందే.

గేటు బయట బతుకుతెరువు

మా పార్కు గేటు పక్కన ఒక ఆవిడ జొన్న జావ, రాగి జావ అమ్ముతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు కాచి, రెండు స్టీలు డబ్బాల్లో పోసి, పైన తడి గుడ్డ కప్పి తెస్తుంది. పక్కనే చిన్న గిన్నెలో తరిగిన ఉల్లిపాయ, ఇంకో గిన్నెలో మజ్జిగ. ఏడున్నరకల్లా డబ్బాలు కడుక్కొని వెళ్లిపోతుంది. "రోజుకు ఎంత సంపాదిస్తావమ్మా?" అని నేను అడిగిన మొదటి రోజు ఆవిడ నన్ను పన్ను వేయడానికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది. మరునాడు ప్రశ్న మార్చి, "ఇయ్యాల ఎన్ని గ్లాసులు పోయినయమ్మా?" అన్నాను. "డబ్బా ఒడిసింది సారూ, గదే లెక్క" అని నవ్వింది. ఆ తరువాత నేను బెంచీ మీద కూర్చొని గ్లాసులు లెక్కపెట్టుకున్నాను. కొబ్బరిబోండాల బండి దగ్గర ఖాళీ బోండాలు, సాయంత్రం మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర తొక్కలు చూస్తే సరిపోతుంది, ఎవరినీ ఇబ్బంది పెట్టనక్కరలేదు.

పార్కు గేటు చుట్టూ ఎన్ని బండ్లు ఉన్నాయి, ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయి అన్నది ప్రత్యేక వరసగా రాయాలి. ఆ ఆదాయాన్ని మొత్తంలో కలపకూడదు, ఎందుకంటే ఇక్కడ జావ తాగనివారు ఆ డబ్బును మరోచోట టిఫినుకు ఖర్చు పెట్టేవారే. అయినా ఆ వరస ఎందుకంటే, 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద పట్టణ విక్రయ కమిటీ ముందు గేటు పక్కన వారికి చోటు అడగడానికి అది పనికివస్తుంది. 2021లో హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలను ఆపి జనానికి వదిలినప్పుడు అక్కడ వెలిసిన దుకాణాల వరసను చూసినవారికి, నడిచే చోటు దొరికితే చిరు వ్యాపారం దానంతట అదే ఎలా పుడుతుందో తెలుసు.

కాగితం ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలి

మొత్తం లెక్క ఒక్క పేజీలో ఉండాలి. ఎడమవైపు ఖర్చు 5 లక్షలు, కుడివైపు వాడకం విలువ 7.5 లక్షలు, అద్దెల తేడా సుమారు 6.9 లక్షలు, కలిపి 14.4 లక్షలు. దాని కింద రూపాయలు లేని మూడు వరసలు: 150 నిమిషాలు నడిచేవారి సంఖ్య, ఆగిన నీరు, బతికే కుటుంబాలు. వెనక పేజీలో ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడెక్కడ తగ్గించారో రాయాలి. తగ్గించిన చోట్లు చెప్పడమే చదివే అధికారికి నమ్మకం కలిగిస్తుంది.

కాగితం చివర ఒకే ఒక కోరిక ఉండాలి, అది మీ గేటు లెక్కలోంచే పుట్టాలి. మా లెక్కలో సాయంత్రం ఏడు దాటగానే స్త్రీల వరస ఒక్కసారిగా పడిపోయింది, పురుషుల వరస పడిపోలేదు. కారణం వెతికితే వెనక మూలన నాలుగు లైట్లు వెలగడం లేదు. నాలుగు లైట్లు అడిగాం. పార్కును మొత్తంగా బాగుచేయమని అంతకు ముందు రెండేళ్లు తిరిగినా కదలని ఫైలు, ఈ కోరికతో కదిలింది.

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి బడ్జెట్ తయారయ్యే చలికాలంలోనే కాగితం చేరాలి. మార్చిలో ఇస్తే అది మరుసటి ఏడాదికి పోతుంది. తెలంగాణలో 2019 పురపాలక చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి కనుక ఆ పద్దు కింద మీ పార్కుకు ఎంత వచ్చిందని అడగవచ్చు. సొమ్ము ఎక్కువగా మొక్కలు నాటడానికే పోతున్నదంటే, ఉన్న చెట్లకు నీరు పెట్టే మనిషి జీతాన్నీ అందులోంచే ఇవ్వమని అడగడంలో తప్పులేదు. వార్డు కార్యాలయంలో ఒక ప్రతి, కమిషనరుకు ఒకటి, కార్పొరేటరుకు లేదా కౌన్సిలరుకు ఒకటి ఇచ్చి, ప్రతిదాని మీదా అందినట్టు ముద్ర వేయించుకోండి. హైదరాబాదులో స్థలం ఆక్రమణకు గురైతే ఆ ఫిర్యాదు వేరు, అది ప్రభుత్వ స్థలాలను ఆక్రమణల నుంచి కాపాడడానికి 2024లో ఏర్పడిన హైడ్రా సంస్థకు ఇవ్వాలి. దానితో ఈ లెక్కను కలిపితే రెండూ ఆలస్యమవుతాయి.

లెక్కపెట్టిన కాగితాలను పారవేయకుండా కాలనీ సంఘం బీరువాలో పెట్టండి. మరుసటి ఏడాది అదే నెలలో, అదే వారంలో, అదే గేటు దగ్గర నిలబడి, ఆ కాగితాల వెనక వైపునే మళ్లీ గీతలు పెట్టుకోండి. లైట్లు వచ్చాక ఏడు దాటిన తరువాత స్త్రీల వరసలో గీతలు పెరిగాయో లేదో, కాగితం ఇటు తిప్పి అటు తిప్పి చూస్తే తెలిసిపోతుంది.